అమ్మ ముక్కులో స్టాఫ్ ఉందన్నారు, కడిగితే పోదా?

పొగతోట_తమ్ముడు | రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. అమ్మకు మోకాలి చిప్ప మార్చే ఆపరేషన్ పెట్టుకున్నాం. రక్తం, షుగరు, ఈసీజీ అన్నీ అయ్యాక చివర్లో దూది చుట్టిన పుల్ల ఒకటి రెండు ముక్కుపుటాల్లోనూ తిప్పి తీశారు. మూడో రోజు రిపోర్టులో ‘స్టెఫైలోకాకస్ ఆరియస్ పెరిగింది’ అని ఉంది. అదొక బ్యాక్టీరియా అంట, పొట్టిగా స్టాఫ్ అంటారంట. ముక్కులో పొద్దునా రాత్రీ పూయమని ఐదు రోజులకు ఒక ఆయింట్‌మెంట్, ఒంటికి రుద్దుకోను ఒక మందు ద్రావణం రాశారు. “ఇది మామూలేనండీ” అని పంపించేశారు. మామూలే అయితే మందెందుకు? మందు కావాలంటే మామూలెట్టా అవుతుంది? అడిగేలోపు తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశాడు.

అమ్మకు జలుబు లేదు, తుమ్ము లేదు. పొద్దున్నే మొహం కడిగేటప్పుడు ముక్కు కూడా శుభ్రంగా కడుక్కునే మనిషి. రిపోర్టు చూసినప్పటి నుంచి “నా ముక్కులో పురుగులున్నాయంట” అని కనపడినోళ్ళందరికీ చెప్పుకుంటా ఉంది. నా సందేహం ఒక్కటే. చీమిడి కారుతుంది, గాలి కొడుతుంది, తుమ్ము వస్తుంది, నీళ్ళు పోస్తాం. ఇన్నిటి మధ్య ఆ క్రిమి ముక్కులో ఎట్టా నిలబడుతుంది? ఎవరికైనా తెలిస్తే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సోమశిల_నీళ్ళు | రాత్రి 9:31

మా తాత రోజూ మూడు సార్లు ముక్కుపొడుం పట్టేవాడు తమ్ముడూ. ఆ ముక్కులో క్రిమి కాదు గదా, దోమ కూడా బతికేది కాదు. మీది పొగతోటే గదా, పేరులోనే మందుంది.

కోవూరు_మాస్టారు | రాత్రి 9:50

నశ్యం సలహాలు ఇవ్వకండి నాయనా, పొగాకు పొడి ముక్కు పొరకు చెరుపే చేస్తుంది. తమ్ముడూ, నేను 30 ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పాను. చీమిడిని తేలిగ్గా చూడొద్దు. అందులో లైసోజైమ్ ఉంటుంది. 1920ల మొదట్లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దాన్ని కనిపెట్టింది జలుబు చేసిన ముక్కు నుంచి తీసిన చీమిడిలోనే, పెన్సిలిన్ కంటే ముందు. బ్యాక్టీరియా గోడను అది కరిగిస్తుంది. కాబట్టి రోజూ జలనేతి చేయించండి, అంటే గోరువెచ్చటి ఉప్పునీళ్ళు ఒక ముక్కుపుటంలో పోసి రెండో దాంట్లోంచి వదలడం. నెల రోజుల్లో ముక్కు అద్దంలా అవుతుంది. ఆయింట్‌మెంట్ కూడా అక్కర్లేదని నా అభిప్రాయం.

ల్యాబ్‌కోటక్క | రాత్రి 10:22

మాస్టారూ, ఆఖరి వాక్యం మాత్రం ఒప్పుకోను. ఆపరేషన్ ముందు డాక్టర్ రాసిన మందు మానమని ఎవరమూ చెప్పకూడదు. నేను ఒంగోల్లో మైక్రోబయాలజీ ల్యాబులో పని చేస్తాను. ఇట్లాంటి పుల్లలు రోజూ చూస్తుంటా, అందుకని కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

తమ్ముడూ, ముక్కు అంటే ఒకే గది అనుకుంటున్నావు. రెండు గదులు. ముందు వరండా, వెనక ఇల్లు. వేలి మొన పట్టేంత దూరం వరకు ఉన్నది వరండా, వెంట్రుకలుండే చోటు. అక్కడ ఉన్నది మన ఒంటి చర్మమే, లోపలికి మడత పడింది. దాని పై వరసలో ఉన్నవి చనిపోయి, ఎండి, పెంకుల్లా పరుచుకున్న కణాలు. అది దాటాక ఎర్రగా, తడిగా ఉండే పొర మొదలవుతుంది. ఆ కణాల మీద సన్నటి కేశాలు ఉంటాయి, సీలియా అంటారు. సెకనుకు పది పదిహేను సార్లు ఊగుతూ చీమిడిని గొంతు వైపు తోస్తుంటాయి. మనకు తెలియకుండానే మింగేస్తాం, కడుపులో ఆసిడ్ దాని సంగతి చూస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. స్టాఫ్ ఎక్కువగా కాపురముండేది వరండాలో. తోసేసే కేశాలు అక్కడ లేవు. చీమిడి ప్రవాహం కూడా దాని మీదుగా పోదు. చీమిడిలో తేలే క్రిమి కొట్టుకుపోతుంది, నిజమే. ఇది తేలడం లేదు, పట్టుకుని ఉంది.

దేన్ని పట్టుకుంది? ఆ ఎండిన కణాల పై తొడుగులో లోరిక్రిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, కణం లోపలి దారాల్లో కెరటిన్-10 ఉంటుంది. రెండిట్లోనూ గ్లైసిన్, సెరిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉన్న వదులైన ఉచ్చుల్లాంటి భాగాలున్నాయి. స్టాఫ్ ఒంటి మీద క్లంపింగ్ ఫ్యాక్టర్-బి అనే ప్రోటీన్ పొడుచుకుని ఉంటుంది. దాని కొసన రెండు ముద్దలు, మధ్యలో ఒక గాడి. మన ప్రోటీన్ ఉచ్చు ఆ గాడిలో దూరుతుంది. దూరగానే రెండో ముద్ద చివరున్న తోక వంగి, ఉచ్చు మీదుగా వచ్చి, మొదటి ముద్దలో ఇరుక్కుంటుంది. ఎద్దుల బండి చూసినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. చక్రంలోకి ఇరుసు దూరితే సరిపోదు, బయట కడచీల కొట్టాలి. కడచీల పడ్డాక ఇక చక్రం జారదు. ఇదీ అంతే.

ఆ ప్రోటీన్ రెండో కొస ఎక్కడుందంటావా, సార్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని బ్యాక్టీరియా గోడకే కుట్టేసి ఉంటుంది. అంటే ఒక వైపు క్రిమి గోడకు కుట్టు, రెండో వైపు మన కణానికి కడచీల. అమ్మ ఎన్ని చెంబులు పోసినా ఏం లాభం చెప్పు.

పొగతోట_తమ్ముడు | రాత్రి 10:40

అక్కా, మొదటిసారి అర్థమయ్యేట్టు చెప్పినారు. అయితే ఆ చచ్చిపోయిన కణాలు రాలిపోవా? చర్మం రాలుతుంది గదా.

ల్యాబ్‌కోటక్క | రాత్రి 10:58

మంచి ప్రశ్న. రాలతాయి. వాటితో పాటు కొన్ని క్రిములూ రాలతాయి. చేతికి, దిండుకు, దుప్పటికి అంటుకునేది అట్లాగే. ఈలోపు మిగిలినవి పెరిగి కింద వచ్చే కొత్త పెంకును పట్టుకుంటాయి. అందుకే పట్టు గట్టిగా ఉన్నది మిగులుతుంది, వదులుగా ఉన్నది పోతుంది.

దీన్ని మనుషుల మీదే పరీక్షించారు. మామూలు స్టాఫ్‌నూ, క్లంపింగ్ ఫ్యాక్టర్-బి తీసేసిన స్టాఫ్‌నూ ఒప్పుకున్న వాలంటీర్ల ముక్కుల్లో పెట్టి చూశారు. 2008లో అచ్చయింది. ఆ ప్రోటీన్ లేనిది తొందరగా మాయమైంది. 2012లో లోరిక్రిన్ సంగతి తేలింది. లోరిక్రిన్ లేకుండా పుట్టించిన చిట్టెలుకల ముక్కుల్లో స్టాఫ్ సరిగ్గా నిలవలేకపోయింది. తాళం ఒకరిది, చెవి ఒకరిది, రెండూ ఉంటేనే కాపురం.

కోవూరు_మాస్టారు | పొద్దున 6:05

రాత్రంతా ఆలోచించాను తల్లీ. నిలబడే విధానం బాగుంది, కానీ నా లైసోజైమ్‌కు జవాబు రాలేదు. పట్టుకుని కూర్చున్నా దాని గోడ కరగాలి కదా? వరండాలో తడి బొత్తిగా లేదంటే నేను నమ్మను.

ల్యాబ్‌కోటక్క | పొద్దున 7:40

జవాబు బాకీ పడ్డాను, నిజమే మాస్టారూ. ఫ్లెమింగ్ లైసోజైమ్ పరీక్షించినప్పుడు బాగా కరిగినది వేరే క్రిమి, మనకు జబ్బు చేయని మైక్రోకాకస్. స్టాఫ్ ఆరియస్ లైసోజైమ్‌కు లొంగదు. దాని గోడలో లైసోజైమ్ కత్తిరించాల్సిన చోట అసిటైల్ అనే చిన్న ముక్కను అతికించుకుంటుంది. కత్తెర ఆడటానికి సందుండదు. మీ పాఠం తప్పు కాదు, ఈ క్రిమి ఆ పాఠం చదివి వచ్చింది.

జలనేతి చేసేవాళ్ళను వద్దనను. దుమ్ము, ఎండిన చీమిడి పోతాయి, హాయిగా ఉంటుంది. కానీ కుళాయి నీళ్ళూ, బోరు నీళ్ళూ అట్లాగే పోయకండి. కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలి. నీళ్ళలో ఉండే ఒక రకం అమీబా ముక్కు గుండా మెదడుకు పాకుతుంది, అరుదే అయినా వచ్చిందంటే ప్రాణం మీదికి వస్తుంది.

గెలాక్సీరాయి | పొద్దున 9:15

నాదీ ఒక గోడు వినండి. చీమకుర్తి క్వారీలో సూపర్‌వైజర్ని. బ్లాక్ గెలాక్సీ గ్రానైటు కోసే చోట దుమ్ము ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. సాయంత్రానికి ముక్కులో రాయి గడ్డకట్టినట్టుంటుంది. గోరుతో తీస్తాం, తీస్తే రక్తం వస్తుంది. చలికాలంలో మరీ. మొన్న ముక్కు అంచున సెగ్గడ్డ లేచింది, పిండబోతే మా అత్త చెయ్యి మీద కొట్టింది. ఇది కూడా ఆ స్టాఫేనా?

ల్యాబ్‌కోటక్క | పొద్దున 9:48

మీ అత్తగారికి నా తరపున దణ్ణం పెట్టండి అన్నా. ముక్కు చుట్టూ, పై పెదవి మీద లేచిన గడ్డ పిండకూడదు. అక్కడి రక్తనాళాలకు మెదడు కింద ఉండే నాళాలతో దారి ఉంది. సెగ్గడ్డలకు ఎక్కువగా కారణం స్టాఫే. జ్వరం వచ్చినా, కంటి చుట్టూ వాచినా ఒక్క రోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

ముక్కులో వేలు పెట్టే సంగతికొస్తే, నెదర్లాండ్స్‌లో దీని మీద నిజంగానే పరిశోధన చేశారు, 2006లో వచ్చింది. ముక్కు గెలికే అలవాటున్నవాళ్ళలో స్టాఫ్ ఎక్కువగా కనిపించింది. వేలు దాన్ని మోసుకెళ్ళే బండి, గోరు గీత దాని గుమ్మం. మాస్కు ఎట్లాగూ కట్టాలి, ముక్కు కోసం కంటే ఊపిరితిత్తుల కోసం. మార్కాపురం పలకల పని చేసినవాళ్ళ దగ్గు గురించి ప్రకాశం జిల్లాలో మనకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

సోమశిల_నీళ్ళు | పొద్దున 10:02

ముక్కులో వేలు పెట్టుకోవడం మీద పరిశోధనా! మా ఆఫీసుకొస్తే పదేళ్ళకు సరిపడా సరుకు దొరికేది.

కనిగిరి_అమ్మ | మధ్యాహ్నం 1:20

అక్కా, పిల్లల సంగతి కూడా చెప్పండి. మా చిన్నోడికి నాలుగేళ్ళు. జలుబు చేసిన ప్రతిసారీ వారం తిరగ్గానే చెవి పోటు అంటాడు. డాక్టర్ గారు “ముక్కు వెనకున్న బ్యాక్టీరియా చెవిలోకి వెళ్ళింది” అన్నారు. జలుబు వైరస్ అంటారు, మరి బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చింది? ఇదీ స్టాఫేనా?

ల్యాబ్‌కోటక్క | మధ్యాహ్నం 2:05

ఇది వేరే అద్దెదారు అమ్మా, ఉండేది వెనక గదిలో. పేరు న్యుమోకాకస్. చిన్నపిల్లల ముక్కు వెనక గొంతులో ఇది చాలా మామూలుగా ఉంటుంది, ఊరికే ఉంటుంది. దీనికి వరండా సౌకర్యం లేదు గనక వేరే ఉపాయం పట్టింది. మొదట ఒంటి చుట్టూ చక్కెర తొడుగు. ఆ తొడుగు వల్ల చీమిడిలో ఇరుక్కోకుండా జారి కణం దాకా చేరుతుంది. చేరాక తొడుగు అడ్డం, అందుకని పల్చబరుచుకుని పట్టుకునే ప్రోటీన్లు బయటపెడుతుంది. ఒక ప్రోటీన్ చేసే పని వింటే ఆశ్చర్యమేస్తుంది. మన కణాలు రక్షణ కోసం యాంటీబాడీలను లోపలి నుంచి బయటకు మోసే ఒక గ్రాహకం, అంటే పట్టుకునే కొక్కెం లాంటి ప్రోటీన్, పెట్టుకుంటాయి. న్యుమోకాకస్ సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది.

ఇక జలుబు, ఫ్లూ సంగతి. మన కణాల మీద చక్కెర గొలుసులుంటాయి, చివర సియాలిక్ ఆసిడ్ మూతలుంటాయి. ఫ్లూ వైరస్‌కు ఆ మూతలు కోసే ఎంజైమ్ ఉంది. మూత తెగాక కింద కొత్త పట్టుచోట్లు బయటపడతాయి. తెగిన సియాలిక్ ఆసిడ్‌ను న్యుమోకాకస్ తిండిగా కూడా వాడుకుంటుంది. పైగా వాపు వచ్చిన కణాలు ఇంకో గ్రాహకాన్ని ఎక్కువగా పైకి తెస్తాయి, దాన్నీ పట్టుకుంటుంది. కేశాలు దెబ్బతిని ఊడ్చే పని ఆగిపోతుంది. చిన్నపిల్లల్లో ముక్కు వెనక నుంచి చెవికి వెళ్ళే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది, అందుకే చెవిపోటు. తలుపు పగలగొట్టింది వైరస్, సామాను ఎత్తుకుపోయింది బ్యాక్టీరియా.

బాబుకు న్యుమోకాకస్ రాకుండా వేసే పీసీవీ టీకా పడిందో లేదో కార్డు చూడండి. 2021లో ప్రభుత్వ టీకాల పట్టికలో దేశమంతటా చేర్చారు, ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు ఇస్తారు. అది ఆ చక్కెర తొడుగు మీదే పని చేస్తుంది. టీకాలో ఉన్న రకాలు ముక్కులో కాపురం పెట్టడం కూడా తగ్గుతుంది. అందువల్ల ఇంట్లో టీకా పడని తాతకూ కొంత మేలు.

కనిగిరి_అమ్మ | మధ్యాహ్నం 2:40

కార్డు చూశాను అక్కా, రెండు పడ్డాయి, తొమ్మిది నెలలది ఖాళీగా ఉంది. అప్పుడు మా నాన్న పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర పడి కాలు విరిగితే పుట్టింటికి వెళ్ళాం, మర్చిపోయాం. రేపు ఏఎన్ఎం గారిని అడుగుతాను.

రొయ్యలగుంట | సాయంత్రం 5:30

ఇందుకూరుపేట దగ్గర నాకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. మేము నీళ్ళు తీసుకుపోయి ల్యాబులో ప్లేటు వేయిస్తే పచ్చ కాలనీలు, పసుపు కాలనీలు (క్రిమి పెరిగిన చుక్కలు) లెక్కపెట్టి, రొయ్యలకు జబ్బు చేసే విబ్రియో బ్యాక్టీరియా ఎంతుందో చెబుతారు. పచ్చవి ఎక్కువైతే మా గుండె జారుతుంది. చంపే మందులు పోసిపోసి విసిగి ఇప్పుడు ప్రోబయోటిక్ చల్లుతున్నాం, మంచి బ్యాక్టీరియా పెరిగితే చెడ్డదానికి చోటుండదని. ముక్కుకు కూడా అట్టాంటిది లేదా అక్కా? చోటు ముందే ఇంకొకరు పట్టుకుంటే స్టాఫ్ ఎక్కడ నిలుచుంటుంది?

ల్యాబ్‌కోటక్క | సాయంత్రం 6:25

అన్నా, మీరు మా ల్యాబుకు రావాల్సినవాళ్ళు. జర్మనీలో ట్యూబింగెన్ శాస్త్రవేత్తలు ఈ దారినే వెళ్ళారు. స్టెఫైలోకాకస్ లగ్డునెన్సిస్ అని స్టాఫ్‌కు దాయాది ఒకటి ముక్కులోనే ఉంటుంది. అది లగ్డునిన్ అనే యాంటీబయాటిక్ తయారుచేస్తుందని 2016లో తేల్చారు. ఆస్పత్రిలో చేరిన 187 మంది ముక్కులు చూస్తే, ఆ దాయాది లేనివాళ్ళలో నూటికి 35 మందికి దగ్గరగా ఆరియస్ ఉంది. దాయాది ఉన్నవాళ్ళలో నూటికి ఆరుగురే.

అయితే ఈ దాయాది మరీ పెద్దమనిషేమీ కాదు. రక్తంలోకి దిగితే గుండె కవాటాలను పాడు చేయగలదు. గుంటలో చల్లినట్టు ముక్కులో చల్లే రోజు ఇంకా రాలేదు.

మీ ప్లేటు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, మాకూ రంగుల లెక్కే. ఆరియస్ అంటే లాటిన్‌లో బంగారు రంగు. ప్లేటు మీద పసుపుపచ్చగా మెరుస్తుంది. 1880 ప్రాంతంలో స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ చీములో దీన్ని చూసి, ద్రాక్ష గుత్తిలా ఉందని స్టెఫైలోకాకస్ అన్నాడు. 1884లో రోజెన్‌బాక్ బంగారాన్ని చేర్చాడు. తమ్ముడూ, అమ్మతో పురుగులని కాకుండా బంగారమని చెప్పు.

కోవూరు_మాస్టారు | రాత్రి 7:10

ఇంకొక్కటి అడిగి ఊరుకుంటాను. అబ్బాయి మొదటి ప్రశ్న అట్లాగే ఉండిపోయింది. మామూలే అయితే మందెందుకు?

ల్యాబ్‌కోటక్క | రాత్రి 8:15

నిజమే, దారి తప్పి రొయ్యల దాకా వెళ్ళాం.

పెద్దవాళ్ళను నూరుమందిని తీసుకుంటే ఏ రోజైనా 20 నుంచి 30 మంది ముక్కుల్లో ఆరియస్ ఉంటుంది. వాళ్ళకు జబ్బు లేదు, మందూ అక్కర్లేదు. డాక్టర్ గారు మామూలే అన్నది అందుకు. కానీ మోకాలు కోసి లోహం పెడతారు. లోహానికి రక్తప్రసరణ ఉండదు, క్రిమి దాని మీద పొర కట్టుకుందంటే మందులు చేరవు, ఒక్కోసారి పెట్టిన చిప్పను తీసేయాల్సి వస్తుంది. ఆ క్రిమి ఎక్కడి నుంచి వస్తుందంటే చాలాసార్లు మన ముక్కులోంచే. రక్తంలో ఈ స్టాఫ్ చేరినవాళ్ళను జర్మనీలో చూస్తే, నూటికి 80 మందికి పైగా ముక్కులోదీ రక్తంలోదీ ఒకటేనని 2001లో తేలింది.

2010లో నెదర్లాండ్స్ ఆస్పత్రుల నుంచి ఇంకో ఫలితం వచ్చింది. ముక్కులో ఆరియస్ ఉన్నవాళ్ళకు ముపిరోసిన్ ఆయింట్‌మెంట్, క్లోర్‌హెక్సిడిన్ స్నానం ఇస్తే ఆస్పత్రిలో ఈ క్రిమితో ఇన్ఫెక్షన్ వచ్చింది నూటికి 3.4 మందికి. ఉత్తుత్తి మందు ఇచ్చిన గుంపులో 7.7. అమ్మకు రాసింది బహుశా ఈ జతే, చీటీ చూసుకో. ముపిరోసిన్ కడచీలను లాగదు, బ్యాక్టీరియా ప్రోటీన్లు తయారుచేసుకునే పనిని ఆపేస్తుంది. కొత్త కడచీలలు తయారు కాక, పెరగలేక చస్తుంది.

ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ రావచ్చు. రానీ. మనకు కావలసింది గాయం మానే ఆ కాస్త వ్యవధి.

సోమశిల_నీళ్ళు | రాత్రి 8:22

అయితే మెడికల్ షాపులో ఒక ట్యూబు తెచ్చి ఇంటిల్లిపాదీ పూసుకుంటే పోలా?

ల్యాబ్‌కోటక్క | రాత్రి 8:30

పోదు బావా. అవసరం లేనివాళ్ళు పూసుకుంటూ పోతే ఆ మందుకు లొంగని స్టాఫ్ తయారవుతుంది. తర్వాత నిజంగా ఆపరేషన్ ఉన్నవాడికి ఆ ట్యూబు పళ్ళపొడి పాటి పని కూడా చెయ్యదు. నీ ముక్కు జోలికి నువ్వు పోకుండా ఉంటే అదే పదివేలు.

పొగతోట_తమ్ముడు | రాత్రి 9:05

అక్కా, మాస్టారూ, అందరికీ చాలా థాంక్స్. అమ్మకు మీరు రాసింది చదివి వినిపించినా. బండి కడచీల దగ్గర ఆగి, “మా నాయన బండికి ఒకసారి కడచీల ఊడి సంతకాడ చక్రం ఊడిపోయింది” అని అరగంట ఆ కథే చెప్పింది. ఇవాళ మూడో రోజు పూత. పొద్దున మర్చిపోయామనుకోండి, అమ్మే గుర్తుచేసి పూయించుకుంది.

పొగతోట_తమ్ముడు | 16 రోజుల తర్వాత, సాయంత్రం 4:50

ఆపరేషన్ అయింది. నిన్న కుట్లు విప్పారు. గాయం పొడిగా ఉంది, చీము లేదు. వాకర్ పట్టుకుని వసారా దాకా నడుస్తోంది. ముక్కు పరీక్ష మళ్ళీ చేయలేదు, అడిగితే అవసరం లేదన్నారు.

గెలాక్సీరాయి | సాయంత్రం 6:12

సంతోషం తమ్ముడూ. అక్కా, నాకు వచ్చే నెలలో హెర్నియా ఆపరేషన్ అంటున్నారు, జాలీ కూడా వేస్తారంట. డాక్టర్ని అడిగితే ముక్కు పరీక్ష చేయించుకోమన్నారు. ఒంగోలు వస్తాను. పరగడుపున రావాలా?

ల్యాబ్‌కోటక్క | సాయంత్రం 6:20

ముక్కు పుల్లకు పరగడుపు ఏంది అన్నా. ఇడ్లీ తిని రా. ఆ పొద్దున మాత్రం గోరుతో గెలకొద్దు.